యాభై ఎనిమిది పాయింట్ నాలుగు

అంబత్తూరు ఎస్టేటులో నా పని కాదనడం.
ట్రేలో వచ్చిన బుష్షుల్ని వెర్నియర్ దవడల మధ్య పెట్టి
వెంట్రుకవాసి తేడా ఉన్నా
ఎర్ర డబ్బాలోకి తోసేయడం.
తొమ్మిదేళ్ళలో నాకు అబ్బిన విద్య అదొక్కటే.

ఏడో నెల నిండాక
ఇంట్లోనూ అదే మొదలుపెట్టానంటాడు ఓబులేసు.

వేళచ్చేరి మాల్‌లో మొదటి పసిమంచం.
ఇరవై ఒక్క వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
చుట్టూ మెత్తలు, మూలమూలకీ దిండు,
నెత్తిన ఊగే ఏనుగులు.
"ఊపిరాడాల్సింది బిడ్డకా, దిండ్లకా?" అన్నాను.
అమ్మే పిల్ల నవ్వింది. ఓబులేసు నవ్వలేదు.
ధర చీటీ తిరగేసి
వెనకవైపు ఇంకేమైనా తక్కువ రాసుందేమోనని చూస్తున్నాడు.

నాయుడుపేట నుంచి అమ్మ ఫోను:
"పుట్టకముందే కొంటారంటనే? అదేం తొందర!
నా పాత చీరలు రెండుండాయి, దూలానికి కట్టుకో.
నిన్ను పెంచింది అందులోనే. చచ్చినావా ఏంది?"
చావలేదు.
కానీ అమ్మా, ఇక్కడ దూలం లేదు.
కొక్కెం ఒక్కటుంది, దానికి ఫ్యానుంది.
ఇంకోటి కొడితే అడ్వాన్సులో కోస్తానని
ఓనరమ్మ తమిళంలో చెప్పింది,
నాకర్థం కాలేదేమోనని మళ్ళీ తెలుగులో చెప్పింది.

శుక్రవారం, అరపూట సెలవు, పల్లావరం సంత.
పావురాల బోనులు, పళ్ళూడిన కీబోర్డులు,
ఎవరో డాక్టరు తిప్పి తిప్పి వదిలేసిన కుర్చీ,
వాటి వెనక నాలుగు పసిమంచాలు.

సంచిలోంచి నా పాత వెర్నియర్ తీశాను.
కడ్డీకీ కడ్డీకీ మధ్య అరవై మిల్లీమీటర్లు దాటకూడదు.
దాటితే
ఒళ్ళు జారిపోతుంది, తల జారదు.
ఆ ముక్క చదివిన రాత్రి నేను నిద్రపోలేదు.
ఓబులేసుకి చెప్పలేదు కూడా.

మొదటిది డెబ్భై ఒకటి. వద్దు.
రెండోదానికి ఒక పక్క కిందికి దిగే తలుపు, గడియ అరిగింది. వద్దు.
మూడోది కొలతకి వచ్చింది గానీ
గోటితో గీకితే పెచ్చు, పెచ్చు కింద ఇంకో రంగు.
పళ్ళొచ్చే బిడ్డ కొరకనిదేముంది? వద్దు.

కొట్టు దేవసహాయం చెయ్యి నడుమున పెట్టుకుని
"ఏమ్మా, బిడ్డకి మంచమా, రాకెట్టుకి పార్టా?"
"రాకెట్టుకైతే ఇంత చూడను."

నాలుగోది గోనెల కింద ఉంది.
రంగు వేయని కట్టె. పై కమ్మీ మీద
చిన్న చిన్న పంటిగాట్లు.
వేలితో తడిమి చూశాను. నాలుగు.
అంటే ఇందులో పడుకున్న బిడ్డెవరో
పళ్ళొచ్చేదాకా బాగానే ఉంది.
ఏ కంపెనీ ముద్రా నాకంత ధైర్యమివ్వలేదు.

అయినా కొలిచాను. యాభై ఎనిమిది పాయింట్ నాలుగు.
పాయింట్ రెండు. మళ్ళీ నాలుగు.
అన్ని సందులూ, వంగలేక వంగి.
రెండు బోల్టులు లేవని చూపించి
రెండువేల ఎనిమిది వందల్ని పంతొమ్మిది వందలకి దించాడు ఓబులేసు.
తన ట్యాక్సీ నెత్తిన కట్టుకుని, జీఎస్టీ రోడ్డంతా
పెళ్ళివాళ్ళ సామాను తోలినంత మెల్లగా తోలాడు.

బోల్టులు ముప్పై రూపాయలు.
అంచుకీ చెక్కకీ మధ్య రెండు వేళ్ళు దూరని గట్టి పరుపు
మంచం కంటే ఎక్కువైంది. అది వేరే గొడవ.

ఆదివారం అమ్మ వచ్చింది. చుట్టూ తిరిగింది.
చేత్తో తోసి చూసి "ఇది ఊగదే!" అంది.
తర్వాత వంటింట్లోకి పోయి
రుబ్బురోలు పొత్రం కడిగి, తుడిచి, తువ్వాల్లో చుట్టి
పరుపు మీద పడుకోబెట్టింది.
"బిడ్డ పడుకునే చోటు ఉత్తగా ఉంచరాదు.
ముందు రాయి పడుకోవాల."
"ఎందుకమ్మా?"
"ఎవురికి తెలుసు? మాయమ్మ పెట్టింది."

నాకు తెలుసు.
నాలుగు కిలోల ఏడు వందలు.
పలక వంగలేదు, బోల్టు మూలగలేదు.
మా ఎస్టేటులో దీనికో రిజిస్టరు ఉంటుంది, సంతకం ఉంటుంది.

రాత్రి మూడింటికి లేచినప్పుడు
వీధిలైటు కడ్డీల నీడల్ని నేల మీద పరిచింది.
పొత్రం కదలకుండా పడుకునుంది.
తువ్వాలు కొస జారి
మొహం ఉండాల్సిన చోట పడితే
పక్కకి లాగాను.