ఖాళీల లెక్క

తార్తూలో మార్చి నెల. నది ఇంకా గడ్డకట్టే ఉంది.
మూడో అంతస్తులో, హీటరు పక్కన,
ఒక కామెంటు ఎవరి చుట్టమో తేల్చలేక
నాలుగు రోజులుగా కూర్చున్నాను.

మేం కట్టుకున్న లాంగ్వేజీ పేరు కిరి.
మా ఎస్తోనియా మాటలో కిరి అంటే రాత,
చేతితొడుగుల మీద అల్లే పువ్వుల వరుసా కిరే.
ఆ పేరు పెట్టింది ఎండెల్.
రాతకీ అల్లికకీ ఒక్క మాటే చాలనుకున్న మనుషులం
బ్రాకెట్టు పై గీతలో ఉండాలా, కింది గీతలోనా అని
పదకొండేళ్లు కొట్టుకున్నాం.

తాంబెత్ ట్యాబు కొడతాడు.
మేరికె నాలుగు స్పేసులు.
ఎండెల్ రెండే. కామా ముందు మాత్రం ఇంకొకటి,
మాట అనబోయే ముందు గొంతు సవరించుకున్నట్టు.

పార్సరుకి ఖాళీలతో పని లేదు.
బియ్యంలో రాళ్లలా ఏరి పారేసి
ఒక చెట్టు చేతికిస్తుంది,
కొమ్మకో క్రియ, ఆకుకో అంకె.
ఆ చెట్టుని మళ్లీ వాక్యాలుగా పరచడం నా వంతు.
ఎనభై అక్షరాల వెడల్పు. దాటితే విరవాలి.
ఎక్కడ?
ఊపిరి ఆగే చోట, అని రాసుకున్నాను మొదట.
ఊపిరిని అంకెల్లో చెప్పమంది యంత్రం.
అందుకని ప్రతి విరుపుకీ ధర కట్టాను:
కామా దగ్గర ఒకటి, కూడిక దగ్గర నాలుగు,
చుక్క దగ్గర తొమ్మిది.
తక్కువ ఖర్చయ్యేదే అందం.
ఈ మాట బయట ఎక్కడా అనను.

సర్దిన పక్కని మళ్లీ సర్దితే
అదే పక్క రావాలి. పరీక్ష అదొక్కటే.
నాది నడిపిన ప్రతిసారీ ఒక గీత కిందికి జారేది,
అయిదోసారికి ఫంక్షన్ గడప దాటి
పక్కింట్లోకి పోయేది, ఎండెల్ రాసిన కామెంటు:
"ఇదెందుకు పనిచేస్తోందో తెలీదు. ముట్టుకోకండి. చలిగా ఉంది."

పై వాక్యం గురించా, కింది దాని గురించా,
ఆ రోజు వాతావరణం గురించా?
అడుగుదామంటే నవంబరులో పోయాడు.
బస్సులో. లాప్‌టాప్ ఒళ్లో తెరిచే ఉందట.
కింది వాక్యానికి కట్టేశాను.
తప్పైతే తప్పు.

శుక్రవారం నడిపాం. నాలుగు వేల ఫైళ్లు,
పదకొండు సెకన్లు.
హమ్మయ్య అంటాడనుకున్న తాంబెత్
తెర మీద వేలు పెట్టి, "ఇందులో నాది ఏది?" అన్నాడు.
ఏ గీత ఎవరు రాశారని యంత్రాన్నడిగితే
అన్నిటికీ ఒకటే జవాబు:
హెల్వె, శుక్రవారం, మూడుంబావు.
నేను రాయని లక్షన్నర గీతలు నా పేరు మీద,
ఎవరో వీలునామా రాసి పోయినట్టు.

దానికీ దారుంది. ఈ ఒక్క మార్పునీ లెక్కలోకి తీసుకోకు
అని ఒక ఫైల్లో రాసిపెడితే
పాత పేర్లు తిరిగొస్తాయి.
పేర్లే. ఆ గొంతు సవరింపు రాదు.

సోమవారం నుంచి తగాదాల్లేవు.
రివ్యూల్లో నిజంగానే ప్రోగ్రాం గురించి మాట్లాడుకుంటున్నాం,
మొహమాటంగా, కొత్త అద్దె ఇంట్లో దిగినవాళ్లలా.
కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు
"ఇదంతా ఒక్కరే రాశారా?"
మెచ్చుకోలే అది. థాంక్స్ అన్నాను.

ఒక్క ఫైలు మాత్రం,
నది మీద మంచు ఎంత మందమో లెక్కగట్టే పట్టిక,
ఏడు వరుసలు, ఏడు నిలువులు,
దశాంశం కింద దశాంశం వచ్చేట్టు
స్పేసు కొట్టి కొట్టి నిలబెట్టాడు ఎండెల్.
దాని నెత్తిన ఒక మాట పెట్టాను:
ఇక్కణ్ణుంచి సర్దకు.
పట్టిక అయ్యాక, ఇక సర్దు, అని పెట్టాలి.
మరిచిపోయాను. మరిచిపోయాననే చెప్తాను.

తాంబెత్ చూశాడు. ఫైలు చివరిదాకా దిగి చూశాడు.
ఆమోదం నొక్కి, కింద
"సరే , బాగుంది" అని రాశాడు,
కామా ముందు ఒక ఖాళీ వదిలి.