కోటకొమ్మ అతుకు

మగ్గాలు మూగబోయిన ఏడు అది.
పట్టు దొరకదు. నూలుకి చీటీ.
బరంపురంలో మా వీధి మగ్గం గుంటల్లోకి
కాళ్లకి బదులు కోళ్లు దిగేవి.

సైకిలు మీద వచ్చాడు కాంట్రాక్టరు దండపాణి సాహు,
మా చినమామ కొప్పల చౌడయ్య కోసం.
దొరల విమానానికి బట్ట చిరిగిందట, కుట్టేవాడు కావాలట.
చినమామ నవ్వాడు.
"ఇమానానికి గుడ్డేటి బాబూ? ఇనుముకి రైకా?"

గోపాలపురం రోడ్డు పక్క ఎర్రమట్టి మైదానంలో
నిజంగానే బట్ట కట్టుకుని నిలబడి ఉంది.
రెక్క నీడలో ఒక మేక నెమరేస్తోంది.
ఇనప గొట్టాల ఒళ్లు, రెక్కల్లో చెక్క దూలాలు,
పైన నారబట్ట, బట్ట మీద లేపనం,
మగ్గిన అరటిపళ్ల వాసన.
చినమామ వేలితో కొట్టి చూశాడు. డప్పులా పలికింది.
"పడుగు బాగా బిగించార్రా" అన్నాడు.
అంతటితో భయం పోయింది.

నాకప్పుడు పదకొండేళ్లు. దారానికి మైనం రాసేది నేనే.
వంకర సూది ఆయన పైనుంచి దించితే
కింద వెల్లకిలా పడుకుని అందుకుని
మళ్లీ పైకి తోసేవాణ్ణి.
పోగులు ఊడకుండా పళ్లు పళ్లుగా అంచు కత్తిరించి
సార్జెంటు పిమ్ ఒక అతుకుముక్క ఇచ్చాడు.
చినమామ దాన్ని వెలుగుకెత్తి చాలాసేపు చూశాడు.
"ఇది మన కోటకొమ్మే కదరా!"

పేరడిగితే ఆస్టర్ అన్నారు.
ఏదో పాతకాలపు భాషలో దక్షిణపు గాలి అట.
"ఓసి, పైరగాలా!" అన్నాడు చినమామ.
ఆ పూట నుంచి కూలీలందరికీ అది పైరగాలే.

పిమ్ చెప్పేవాడు, సాహు ఒడియాలోకి దించేవాడు,
దారిలో సగం ఊడిపోయి మాకు చేరేది:
మొదట్లో అది షికారు బండి, గడ్డి మీంచి లేచే సరదా.
యుద్ధం వచ్చి దానికి మట్టిరంగు పూసింది.
గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి చెప్పమంది,
ఉత్తరాలు మొయ్యమంది.
వరిమడంత చోటులో దిగాలని రెక్కల వెనక రెప్పలు పెట్టారు.
ఇంజను మార్చారు. చాల్లేదు. మళ్లీ మార్చారు, ఈసారి అమెరికాది.
మూడో మనిషికి చోటు చేశారు.
వెనక నుంచి వచ్చేది కనబడాలని
వీపు వైపు అద్దం పెద్దది చేశారు.

చినమామ తలూపాడు. ఆయనకిది కొత్త కాదు,
ఈ చీరలో పడ్డ తప్పు వచ్చే చీరలో దిద్దుకోవడం.
కానీ ఒక మాట అడిగాడు:
"మరి ఆ అద్దం లేనప్పుడు ఎక్కినోళ్లు?"
సాహు దాన్ని మాత్రం దించలేదు.
బీడీ వెలిగించుకున్నాడు.

మేం కుట్టింది మబ్బుల నెలలో తూర్పుకి వెళ్లింది.
దాని చోట ఇంకోటి వచ్చింది, ఇంకా కొత్త రకం,
మబ్బులో కళ్లు పనిచెయ్యకపోయినా
దారి చెప్పే గడియారాలు ముందు వరసలో.
నేను దాని రెక్క కింద దూరి
మా ముడి కోసం వెతికాను.
ఉండదని తెలుసు. అయినా రెండో రెక్క కిందా వెతికాను.

యుద్ధం అయిపోయాక తూకానికి అమ్మారు.
ఇంజను ఒకరికి, చక్రాలు ఒకరికి.
బట్ట ఎవరికీ అక్కర్లేదు.
చినమామ మూరెడు కోసుకొచ్చి
బూడిదనీళ్లలో మూడు రోజులు ఉడకబెట్టాడు.
లేపనం వదల్లేదు. రంగు పట్టలేదు.
అరటిపండు వాసన మాత్రం పక్కింటి దాకా వెళ్లింది.

ఉడికిన ముక్కలో ఒక కుట్టు బయటపడింది.
మాది కాదు. ముడి ఎడమకి తిరిగి ఉంది.
అక్కడ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు కుడతారని పిమ్ ఎప్పుడో అన్నాడు.
చినమామ కత్తెర తీశాడు,
ముడి దగ్గరకు తెచ్చాడు,
మళ్లీ దూరంలో పెట్టాడు.

"ఎడంసెయ్యి మనిషి" అన్నాడు,
ఊళ్లో ఎవరినో గుర్తుపట్టినట్టు.