తడి మీద మెరుపు

కాట్రేనికోన రొయ్యల చెరువు గట్టు మీద
రాత్రి కాపలా. ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
ఏసుపాదం ఫోను నా మొహమ్మీద పెట్టాడు:
"బలం అరవై, ప్రాణం పన్నెండా?
పాయింట్లన్నీ కత్తికే పోసేశావు బాబాయ్,
ఒక్క దెబ్బకి పోతావు."

నిప్పుకి మంచు లొంగుద్దట.
రాయికి మెరుపు అంటదట.
శత్రువుని ముందు తడిపి
అప్పుడు మెరుపు వేస్తే
దెబ్బ రెండింతలట.

ఈ లెక్కలు నాకు కొత్తేం కాదు.
ఉప్పు పదిహేను, ఆక్సిజన్ నాలుగు.
తెల్లారగట్ల రెండుకి పడిందా,
ఊపిరాడక రొయ్య పైకి తేలుద్ది.
మేత పెంచితే బరువొస్తది, నీరు చెడుద్ది.
ఎవడు పెట్టాడో ఈ ఆట!

మూడింటికి కరెంటు పోయింది.
జనరేటర్ కేసి పరిగెత్తాడు కుర్రాడు,
మోచేతుల దాకా తడి.
స్విచ్చి ముందు ఆగాడు.
తలకి చుట్టిన తువ్వాలు విప్పి
చేతులు తుడుచుకున్నాడు,
వేలు వేలు విడదీసి
మళ్ళీ తుడుచుకున్నాడు.

నిరుటి తుపానుకి
వాళ్ళన్న యోబు
తుడుచుకోలేదు.

గట్టు మీద, ఫోనులో,
ఆడించేవాళ్ళు లేక
వాడి వీరుడు
ఊరికే ఊపిరి పీలుస్తూ, వదులుతూ
నిలబడి ఉన్నాడు.