పన్నెండు లెక్కపెట్టేదాకా

గ్రిమ్స్‌బీలో, రేవు వెనక మూడో వీధి.
తలుపు పక్కన చిన్న ఇనప డబ్బా,
నాలుగంకెలు తిప్పితే తాళంచెవి రాలుతుంది.
ఆ అంకెలు ఊళ్లో పదిమందికి తెలుసు.
ఈనిడ్ మార్‌ఫ్లీట్‌కే గుర్తులేవు.

నేను నాణ్యత కొలవడానికొచ్చాను.
సంచిలో ఇరవై ఆరు ప్రశ్నలు,
ఒకటి నుంచి ఐదు దాకా గళ్లు,
మెడలో నా ఫొటో ఉన్న బిళ్ల.
"బూట్లు విప్పక్కర్లేదు" అందామె.
అప్పటికే ఒకటి విప్పేశాను.

ముందు వంటగది చూస్తానెప్పుడూ.
మాత్రల అట్టలో ఈ పూట గడి ఖాళీ, మంచిదే.
ఫ్రిజ్‌లో పాలు రేపటిదాకా బతుకుతాయి.
సింకులో ఒక్క కప్పు, అడుగున ఎండిన టీ.
రాసుకున్నాను.

ఫోన్లో లెక్క: పొద్దుటి సాయం అరగంట.
రుటెండో వచ్చింది ఎనిమిదీ పన్నెండుకి,
వెళ్లింది ఎనిమిదీ ఇరవైమూడుకి.
అరగంటకి డబ్బు కట్టిన కౌన్సిలు,
పదకొండు నిమిషాలు అందుకున్న పెద్దావిడ,
మధ్యలో పంతొమ్మిది ఎక్కడ జారిపోయాయో
వెతకడమే నా ఉద్యోగం.

"ఆ అమ్మాయి మీ దగ్గర హడావిడి పడుతుందా?"
ఏడో ప్రశ్న. గొంతులో పంచదార వేసి అడగాలని శిక్షణ.
ఈనిడ్ కిటికీ వైపు తిరిగింది.
"నలభై ఏళ్లు చేపలు కోశాను.
పెట్టె దిగగానే చూడాలి, టైముండదు.
కన్ను లోపలికి పోయిందా.
మొప్ప ఎత్తితే ఎరుపుందా.
ఆ పైన బొటనవేలు.
నొక్కితే గుంట పడి వెంటనే నిండిందా, తాజా.
గుంట గుంటలా ఉండిపోయిందా,
ఎంత ఐసు కప్పినా అది మొన్నటిదే."

గౌను అంచు కాస్త పైకి లాగింది.
"నొక్కు."

కుడి కాలు, చీలమండకి పైన.
వేలు తీశాక కూడా నా వేలు అక్కడే ఉంది,
ప్రమిదంత గుంటై.
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం,
ఎవరో వచ్చి పూడుస్తారన్నట్టు.

బల్ల మీద నీలం పుస్తకం.
పాత పేజీల్లో వేరేవాళ్ల రాతలు:
బాగా తిన్నారు. హుషారుగా ఉన్నారు.
బాగా తిన్నారు. హుషారుగా ఉన్నారు.
నెల పొడుగూతా అదే హుషారు.
తర్వాత రుటెండో, నిలబడి రాసిన వంకర అక్షరాలు:
సోమ. కుడి కాలు గుంట. ఆరు లెక్కపెట్టేదాకా.
బుధ. ఎనిమిది. డాక్టర్ ఆఫీసుకి ఫోన్. ఎత్తలేదు.
శుక్ర. పన్నెండు. మళ్లీ ఫోన్. నర్సు వస్తుందట.
గంజి సగం పిల్లికి పెట్టారు. నేను చూడలేదనుకున్నారు.

నేనూ చేశానీ పని, లెస్టర్లో, రెండు చలికాలాలు.
హుషారుగా ఉన్నారని నేనూ రాశాను.
ఒకసారి, ఆ ఇంటి తలుపు తియ్యకముందే రాశాను.

కంపెనీని అడిగి పనివేళల కాయితం తెప్పించాను.
ఈ గుమ్మం నుంచి పై గుమ్మానికి రెండు మైళ్లు.
మధ్యలో ప్రయాణానికి ఇచ్చిన సమయం: సున్నా.
అలాంటివి పొద్దున్నే ఐదు గుమ్మాలు.

సమయపాలన గడిలో రెండు వేశాను.
ఇంకోటి వెయ్యడానికి చెయ్యి రాలేదు, తగ్గించడానికీ రాలేదు.
కింద వదిలిన రెండు గీతల మీద సున్నా గురించి రాశాను,
గీతలు దాటి, అంచు దాకా, కాయితం తిప్పి.

"పిల్లకి ఎన్ని మార్కులు?" అంది ఈనిడ్.
"మార్కులు తనకి కాదండీ, కంపెనీకి."
"ఆహా. పెట్టె బాలేదంటే
చేపని మాత్రం ఉంచుకుంటారు కాబోలు."

బయట సన్నటి తుప్పర.
ఎదురుగా నీలం ట్యూనిక్, తడిసిన బూట్లు,
పరుగూ కాదు నడకా కాదు.
రుటెండోనో, మరొకరో.
నా మెడలో బిళ్ల చూసి తల దించుకుని దాటిపోయింది.

గడియారం చూడకూడదనుకున్నాను.
చూశాను.