పురి

వంటింటి బల్ల పొడవు చాలదని
కొట్టం తలుపు ఊడదీసి తెచ్చాడు త్సిరిల్.
ఎవరైనా చూస్తే ఇల్లు అమ్మేస్తున్నాం అనుకుంటారు.
తలుపు మీద రెండు వరసల మేకులు,
మేకు పక్కన పెన్సిలు అంకెలు:
పది, ఎనిమిది, ఆరు,
చివరికొచ్చేసరికి చెయ్యి వణికి
నాలుగో తొమ్మిదో తెలియని ఒక గీత.

ముప్పయ్యేళ్లు పాదరసం గనిలో దిగిన చేతులు.
కాఫీ పెదాలు చేరేలోగా సగం సాసరు పాలు.
ఆ వేళ్లు ముడి వేయబోతే దారానికే నవ్వొస్తుంది.

"కొనుక్కోరాదూ, బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతాయిగా?"
"అవి నీళ్ల మీద వాలవు మిలోయ్కా, కొరడాలా కొడతాయి.
చేప ఊరొదిలి పోతుంది."

నేను లేసు అల్లేదాన్ని.
దిండు మీద నలభై కండెలు టకటకలాడుతుంటే
ఏది దేని మీంచి దాటాలో నా వేళ్లకి తెలుసు,
నన్నడిగితే చెప్పలేను.
ఒక్క దారానికి ఇంత హడావిడా అనుకుని
ఇటివ్వు, అన్నాను.

మొదటి మేకుకి ఉచ్చు. లాగు. వెనక్కి తే.
కిందటి ఉచ్చులోంచి దూర్చు. మళ్లీ లాగు.
"లెక్క పెట్టు."
"పెడుతున్నా."
"పైకి పెట్టు."
నలభై రెండేళ్ల కాపురంలో
అతను నాకు పని నేర్పడం ఇదే మొదలు,
నేను వినడం కూడా.

మొదట లావు, పోనుపోను సన్నం.
ఇటు చివర మణికట్టు బలం ఉండాలట,
అటు చివర కనురెప్ప వెంట్రుకంత మర్యాద.

డ్రిల్లు నోట్లో కొక్కెం బిగించి
ఒక పాయకి పురి ఎక్కించాను.
బిగిసి, కుదించుకుని,
వేలు తగిలిస్తే తుమ్మెదలా మోగింది.
అంతలో జారింది.
తోక తొక్కిన పిల్లిలా ఎగిరి, చుట్టుకుని,
తేనెమైనం డబ్బాని దొర్లించుకుంటూ పోయి
పొయ్యి కింద ఉండై పడుకుంది.

త్సిరిల్ ఏమీ అనలేదు.
అనకపోవడం కూడా వినిపించింది.
కత్తెర తెచ్చి నా చేతికిచ్చాడు.

రెండోసారికి చీకటి పడింది.
రెండు పాయలకీ ఒకే వైపు పురి ఎక్కించి
రెంటినీ ఒకే కొక్కేనికి తగిలించి
కింద సీసపు గుండు వేలాడదీశాం.
"ఇక వదిలెయ్."

వదిలాను.
గుండు తనంతట తాను తిరగసాగింది,
నేను తిప్పిన దానికి ఎదురు దిక్కున.
విప్పుకుపోదామని చూసిన ప్రతి పాయా
పక్కదాని మెడ చుట్టుకుని ఆగింది.
దీన్లో నీతి వెతక్కు, అని నాకు నేనే చెప్పుకున్నాను.
లేసులో ఏనాడూ వెతకలేదు,
తప్పులు తప్ప.

గుండు నిలిచేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.
పొయ్యి మీద జ్లిక్రోఫీ మరిగి మరిగి
పిండీ ఆలుగడ్డా విడివిడిగా తేలాయి. అవే తిన్నాం.

పొద్దున్నే ఇద్రీత్సా ఒడ్డు.
ఎగువన మంచు కరిగిన నీళ్లు, సీసాలాంటి పచ్చదనం.
మోకాళ్ల లోతుకి దిగి అతను కర్ర ఎత్తాడు.
వణుకు చేతిలోంచి కర్రలోకి పాకింది,
కర్రలోంచి లైన్లోకి.
లైను గాల్లో అలలు అలలుగా నలిగింది.
నేను పేనిన తొమ్మిది అడుగుల దగ్గరికొచ్చి
ఆ వణుకు ఎటో ఇంకిపోయింది.
ఈక ఈగ నీళ్ల మీద కూర్చుంది,
ఎవరూ విసరనట్టు,
తనకే తోచి వచ్చినట్టు.

పాలరాతి చారల ట్రౌట్ ఒకటి లోతులోంచి లేచింది.
ఈగ కింద కాసేపు నిలబడి
సంతలో లేసు పట్టుకు చూసే ఆడవాళ్లలా
అటూ ఇటూ చూసి, బాగానే ఉందన్నట్టు,
కొనకుండా వెళ్లిపోయింది.

త్సిరిల్ వెనక్కి తిరిగాడు.
నీళ్లు తలపై నుంచి కాదు, కళ్ల నుంచి కారుతున్నాయి,
లేదా ఎండ పడిందేమో.
"చివర ఎన్ని పేటలేశావు?"

"లెక్క పెట్టలేదు," అన్నాను.