కప్పు లేని చోట తాళం

లిఫ్టు క్యూలో గంటసేపు నిలబడలేక
మెట్లదారినే ఎక్కి వచ్చాం, రొప్పుతూ.
పైన కార్మో చర్చి.
గోడలున్నాయి, తలుపుంది, టికెట్టుంది.
కప్పు లేదు.

తినేశాక పళ్లెంలో మిగిలిన చేప ముల్లులా
ఒకదాని వెనక ఒకటి కమానులు,
వాటి సందుల్లోంచి తీరిగ్గా పోతున్న మబ్బు.
ఎంత వెనక్కి వంగి తీసినా
ఫోన్లో పట్టడం లేదు ఆ లేకపోవడం.

పదిహేడువందల యాభై అయిదు,
నవంబరు ఒకటి, పొద్దుటి పూజవేళ.
పునీతులందరి పండగ కదా,
ప్రతి పీఠం మీదా కొవ్వొత్తులు.
నేల కదిలింది.
దేవుడి ముందు వెలిగించిన దీపమే
లిస్బన్ ఊరంతా అంటుకుంది.
మంటలకు జడిసి రేవుకు పరిగెత్తినవాళ్లకు
తేజు నది లేచి ఎదురొచ్చింది.

ఇదంతా బోర్డు మీద ఉంది.
బోర్డు మీద లేనివాడు బెల్మీరు.
నడుముకు తాళాల గుత్తి, చంకలో గొడుగు,
ముప్పయ్యొక్క ఏళ్ల కాపలా.
"పెళ్లైన కొత్తలో మా ఆవిడ నమ్మేది కాదు,
చర్చి లోపల పనిచేసే మనిషి
తడిసి ఇంటికెలా వస్తాడని."

మళ్లీ ఎందుకు కట్టలేదని అడిగాను.
"కట్టారు. ఈ కమానుల్లో కొన్ని
కూలాక లేపినవే. మధ్యలో ఆపేశారు."
డబ్బు చాలకా?
"ఏమో. అప్పుడు నేను డ్యూటీలో లేను."

కప్పు మిగిలిన మూలగదిలో
పెరూ నుంచి తెచ్చిన ఇద్దరు పిల్లలు
మోకాళ్లు గుండెకు హత్తుకుని
గాజు పెట్టెల్లో కూర్చున్నారు.
వాళ్లూ మాలాగే సముద్రాలు దాటినవాళ్లే,
తిరుగు టికెట్టు లేదు, అంతే.
ఫోటో తీయబోయి, ఎందుకో
ఫోను సంచిలో పడేశాను.

మూసే వేళ.
పచ్చిక మీద పడుకున్న కుర్రజంటను లేపి,
ఎవరో మరిచిన టోపీ దులిపి గూట్లో పెట్టి,
మమ్మల్నందర్నీ మందలా బయటికి తోలి
బెల్మీరు తాళం రెండుసార్లు తిప్పాడు.
భుజంతో తలుపు నెట్టి చూశాడు.
సరిగ్గా అప్పుడే ఒక సముద్రపు పక్షి
గోడ మీంచి లోపలికి దిగింది.
నవ్వాపుకోలేక పైకి చూపించాను.
అతను చూడనైనా లేదు:
"తలుపు వరకే నాది."

రాత్రి వాన చప్పుడుకు మెలకువ వచ్చింది.
లేచి గది గడియ ఒకసారి తడిమి చూసుకున్నాను.
అక్కడ తాళం వేసిన చర్చిలో
గడ్డి నానుతూ ఉంటుంది,
రాతి సమాధుల మీది పేర్లలో
నీళ్లు నిలుస్తూ ఉంటాయి.
పొద్దున్నే గొడుగు విదిలించి
ఆ మనిషి తలుపు తీసేసరికి
లోపల ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

ఎనిమిదింటికి మాకు సింత్రా రైలు.