మొదటి పది నిమిషాలు

మోంటెవిడియోలో జూలై అంటే ఎముకల్లో చలి.
కిటికీ అవతల నది, పాలెక్కువైన కాఫీ రంగులో.
ఉద్యోగం ఇంకో ఏడాదే ఉందనగా
ఇనప బీరువా తాళం తీశాను.

నలభై ఆరు టేపులు.
ఒక్కో టేపులో ఒక్కో చేప రాత్రంతా మాట్లాడింది,
నోటితో కాదు, కరెంటుతో.
రోచా మడుగుల్లో గుర్రపుడెక్క వేళ్ళ కింద
చీకట్లో చీకటిలా ఉండే చేప
సెకనుకి ముప్పై సార్లు తన చుట్టూ నీళ్ళని
మునివేళ్ళతో తడిమినట్టు తడుముకుంటుంది.
ఆ తడుములాట మెదడులో ఎక్కడ మొదలవుతుందో
తేలుద్దామనుకున్నాను.
తేల్చలేదు.

ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఒకటే జవాబు:
ఇంకా పూర్తికాలేదు, అయ్యాక ఇస్తాను.
నిజానికి భయం.
నాకన్నా ముందు ఇంకొకరు తేల్చేస్తారేమోనని కొంత,
నా లెక్క తప్పని తేలుతుందేమోనని చాలా.
గుప్పిట మూసి ఉన్నంతసేపే మర్యాద అనుకున్నాను.
టేపులకి అదేం తెలుసు, బూజు పట్టాయి.
మూడింటిలో ఇప్పుడు చేప లేదు, ఉత్త బుసే.

ఇచ్చేయడమూ తేలిక కాదు.
టేపుని అంకెల్లోకి దించడానికి రెండు నెలలు,
ఆ అంకెలేమిటో రాయడానికి ఆరు.
చాకలిపద్దులాంటి నా నోటుపుస్తకాల్లో
చాలాచోట్ల "నిన్నటిలాగే" అని ఉంది.
నిన్న ఏమిటో ఏ పేజీలోనూ లేదు.
నాలుగో వరస మిల్లీవోల్టులా, ఇంకేమన్నానా?
ఆ రోజు నీళ్ళ వేడి ఎంత?
ముప్పై నాలుగేళ్ళ కిందటి నన్ను
నిలబెట్టి నిలదీశాను. నోరు విప్పలేదు.
తెలియని చోట "తెలియదు" అని రాశాను.
ఈ ఉద్యోగంలో ఆ మాట రాయడం అదే మొదలు.

తర్వాత అందరికీ తెరిచి పెట్టాను.
అడగక్కర్లేదు, తీసుకోండి.
ఆ రాత్రి నిద్ర లేదు,
డాబా మీద బట్టలారేసి మరిచిపోయినట్టు.

నాలుగు నెలలు ఎవరూ తొంగిచూడలేదు.
అదీ కష్టంగానే ఉంది.

ఐదో నెల ఎస్తోనియా నుంచి, తార్తు నుంచి,
పిల్లెరీన్ అనే విద్యార్థిని రాసింది.
"ప్రతి టేపులోనూ మొదటి పది నిమిషాలు
అలజడి, వాడొద్దు అన్నారు. నేను వాటినే చూశాను.
నాలుగో నిమిషంలో చేప వేగం పెరుగుతోంది,
మేత పడకముందే.
మొదటి వారం టేపుల్లో లేదు, తర్వాత వచ్చింది.
ఆదివారాలు మాత్రం లేదు.
నాలుగో నిమిషంలో మీ గదిలో ఏం జరిగేది?"

ఏం జరిగేది?

ఒరెస్తెస్ బెంతాంకోర్ వచ్చేవాడు.
తొట్లు కడిగే మనిషి. అంతకుముందు రేవులో కూలి.
చంకలో మాతే ఫ్లాస్కు, చేతిలో వానపాముల డబ్బా,
ఎడమ బూటుకి ఇనప మడమ.
మెట్లెక్కుతుంటే ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక.
మేత వేసేది ఆయనే. ఆదివారాలు నేను.
నేనొస్తుంటే ఏ చేపా తొందరపడలేదన్నమాట.

ఆయన పోయి ఇరవై మూడేళ్ళు.
నా వ్యాసాల్లో ఎక్కడా ఆయన పేరు లేదు.
చివర చిన్నక్షరాల్లో "సిబ్బందికి కృతజ్ఞతలు".
ఆ అడుగుల్నే అలజడి అన్నాను,
నలభై ఆరుసార్లు కోసి పక్కన పెట్టాను.
చేపలు మాత్రం లెక్కలోకి తీసుకున్నాయి.

పిల్లెరీన్‌కి అన్నీ రాశాను,
ఇనప మడమ, పద్నాలుగు మెట్లు.
ఇది రుజువు కాదు, మళ్ళీ చేసి చూడాలి అంది,
గట్టి పిల్ల. ఇకీటోస్‌లో ఎవరో చేస్తామన్నారు,
వాళ్ళకి చేపలున్నాయి, తొట్లు లేవు. మా తొట్లు పంపిస్తున్నాను.

కింద ఇంకో మాట కూడా రాసింది:
తీగ వణికిన జాడలు వెతికాను,
ఎన్ని టేపులు చూసినా పదమూడే అడుగులు,
మీ పద్నాలుగోది దొరకడం లేదు.

నిన్న సాయంత్రం దీపం ఆర్పి దిగుతూ
గోడ పట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

పదమూడే.

మళ్ళీ పైకెక్కి ఫైలు తెరిచాను, సవరించడానికి.